కుక్కపిల్లకు ఎంత పెట్టవలెను?

ఇంటికి వచ్చిన చుట్టము పెరటిలో ఆడుకొంటున్న కుక్కపిల్లను చూచి, ‘ఎంత బొద్దుగా ఉన్నదో!’ అని మెచ్చుకొంటే ఆ యింటి యిల్లాలి ముఖము వికసిస్తుంది. ‘అయ్యో, డొక్కలు కనబడుతున్నవే’ అంటే ఆమెకు తల కొట్టివేసినట్లవుతుంది. మనుష్యుల పిల్లలకైనను, పశువుల పిల్లలకైనను బొద్దుతనమే ఆరోగ్యమని మనము తరతరాలుగా నమ్ముతూ వచ్చినాము. కరవు కాటకములను చవిచూచిన దేశములో ఇట్టి నమ్మకము పుట్టుటలో వింత లేదు. కాని పెరిగే కుక్కపిల్ల విషయములో ఈ నమ్మకము మేలు కంటె కీడే ఎక్కువ చేస్తున్నది. ఆ సంగతి మేము పుస్తకములలో చదివి తెలుసుకొనుటకు ముందే అనుభవము వలన తెలుసుకొన్నాము.

కొన్నేండ్ల క్రిందట మా యింటికి ఒక లాబ్రడార్ పిల్ల వచ్చినది. ఎనిమిది వారాల పిల్ల. వచ్చిన నాటి నుండి దానికి ఆకలి తప్ప మరొక ధ్యాస లేదు. ఉదయము పాలన్నము, పదింటికి బిస్కత్తులు, మధ్యాహ్నము మాంసపు పులుసు కలిపిన అన్నము, సాయంత్రము మళ్లీ పాలు, రాత్రి పెరుగన్నము. ఇది గాక మేము భోజనమునకు కూర్చున్నప్పుడు అది ఎదుట కూర్చుండి దీనముగా చూచేది. ఆ చూపునకు కరగి తలా ఒక ముద్ద విసిరేవాళ్లము. పిల్ల గుండ్రముగా తయారైనది. వీధిలోని వారందరు దానిని ఎత్తుకొని ముద్దాడేవారు. ఏడవ నెలలో అది వెనుక కాలు ఎత్తి కుంటనారంభించినది. ఎక్కడనో దెబ్బ తగిలి ఉండునని కాపడము పెట్టినాము. తగ్గలేదు. పశువైద్యుని వద్దకు తీసుకొనిపోతే, ఆయన కాలు చూచుటకు ముందు రెండు చేతులతో దాని డొక్కలు తడిమి, ‘ప్రక్కటెముకలు ఎక్కడ ఉన్నవో నాకు దొరకుట లేదు. మీకు దొరుకుతాయేమో చూడండి’ అన్నారు. మాకును దొరకలేదు. దాని తుంటి కీళ్లు మోయవలసిన దానికంటె ఎక్కువ బరువును మోస్తున్నవి. ఆ బరువు మేము ప్రేమతో పెట్టినదే.

పెరిగే ప్రాణి తిన్నది ఎముకలోనికే గదా పోతుంది, కాస్త ఎక్కువ తింటే నష్టమేమి అని కొందరికి తోచవచ్చును. అసలు చిక్కు అక్కడనే ఉన్నది. కుక్కపిల్ల పెరుగుదల మనుష్యుల పిల్లల పెరుగుదల వంటిది కాదు. మన బిడ్డలు పదిహేను, పదునెనిమిది సంవత్సరములలో పొందే ఎదుగుదలను చిన్నజాతి కుక్కపిల్ల ఎనిమిది నుండి పన్నెండు నెలలలో పొందుతుంది. పెద్ద జాతులకు పన్నెండు నుండి పదునెనిమిది నెలలు, గ్రేట్‌డేన్ వంటి మహాకాయములకు రెండేండ్ల వరకు పట్టుతుంది. ఈ కాలమంతయు ఎముకల చివరలలో మెత్తని మృదులాస్థి ఉంటుంది. అది క్రమముగా గట్టిపడి ఎముకగా మారుతుంది. ఎముక పూర్తిగా ముదురక ముందే శరీరపు బరువు మించిపోతే, లేత కొమ్మకు గుమ్మడికాయ వ్రేలాడదీసినట్లవుతుంది. కొమ్మ విరుగకపోవచ్చును, కాని వంగిన వంపు నిలిచిపోతుంది.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. పెద్దజాతి పిల్లకు అధికముగా పెట్టిన ఆహారము క్రొవ్వుగా మాత్రమే మారదు. పెరుగుదల వేగమునే హెచ్చిస్తుంది. ఆరు నెలల పిల్ల తొమ్మిది నెలల దానివలె కనబడుతుంది. యజమాని సంతోషిస్తాడు. కాని త్వరగా పెరిగినంత మాత్రమున తుది పరిమాణము పెరుగదు. అది జాతిని బట్టి, తల్లిదండ్రులను బట్టి ఇంచుమించు ముందే నిర్ణయమై ఉంటుంది. మితముగా తిన్న పిల్ల కూడ కొంత ఆలస్యముగానైనను అదే ఎత్తునకు చేరుతుంది. చేరేటప్పుడు గట్టి కీళ్లతో చేరుతుంది.

ఇది ఊహ కాదు. 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు గ్రేట్‌డేన్ పిల్లలను రెండు తెగలుగా పెంచి, ఒక తెగకు కోరినంత ఆహారమును, మరొక తెగకు పరిమితమైన ఆహారమును ఇచ్చిన ప్రయోగ ఫలితములను ప్రకటించినారు. కోరినంత తిన్న పిల్లలకే ఎముకల జబ్బులు, కీళ్ల వికారములు అధికముగా వచ్చినవి. 2002లో ప్రకటితమైన మరొక పరిశోధన ఇంతకంటె విపులమైనది. ఏడు ఈతలలో పుట్టిన 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదాని కంటె 25 శాతము తక్కువ ఆహారమును పెట్టుతూ జీవితాంతము పరిశీలించినారు. తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయువు 13 సంవత్సరములు. ఎక్కువ తిన్న వాటిది 11.2 సంవత్సరములు. అనగా దాదాపు రెండేండ్ల తేడా. తుంటి కీళ్ల వాపు కూడ తక్కువ తిన్న వాటిలో చాల ఆలస్యముగా కనిపించినది. పదమూడేండ్లు బ్రతికే ప్రాణికి రెండేండ్లంటే సామాన్యము కాదు. మనము పళ్లెములో అదనముగా వడ్డించే పిడికెడు అన్నము దాని ఆయుర్దాయములో నుండి తీసి వడ్డిస్తున్నామన్న మాట.

అయితే పిల్ల సరియైన బరువులో ఉన్నదా లేదా అని తెలుసుకొనుట ఎట్లు? దీనికి కాటా కంటె చేయి ముఖ్యము. పాఠకులు ఈ చిన్న పరీక్షను ఇప్పుడే చేసి చూడవచ్చును. ఎడమచేతి పిడికిలి బిగించి, కుడిచేతి వ్రేళ్లతో ఆ పిడికిలి కణుపుల మీద తడవండి. ఎముకలు మిట్టలుగా, గట్టిగా తగులుతాయి. కుక్కపిల్ల ప్రక్కటెముకలు ఇట్లు తగిలితే అది చిక్కిపోయినదన్న మాట. ఇప్పుడు పిడికిలి విప్పి చేతిని చాచి, అరచేతికి వెనుక భాగమున తడవండి. పలుచని చర్మము క్రింద ఎముకలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి, కాని గ్రుచ్చుకొనవు. పిల్ల డొక్కలు ఇట్లుండవలెను. ఇక చేతిని తిప్పి అరచేతి వైపున, వ్రేళ్ల మొదళ్ల వద్ద తడవండి. ఎముకలున్నవి గాని, వాటికొరకు అదిమి వెదకవలసి వస్తుంది. పిల్ల డొక్కలు ఇట్లుంటే అది బరువు మించినది.

దీనికి తోడు కంటితో రెండు గుర్తులు చూడవలెను. పైనుండి చూచినప్పుడు డొక్కలకు వెనుక నడుము కొంచెము లోపలికి సన్నబడి కనిపించవలెను. ప్రక్కనుండి చూచినప్పుడు రొమ్ము కంటె పొట్ట కొంచెము పైకి ఎత్తి ఉండవలెను. పశువైద్యులు ఈ లక్షణములను బట్టి తొమ్మిది మెట్ల కొలత ఒకటి ఏర్పరచుకొన్నారు. ఒకటవ మెట్టు ఎముకల గూడు, తొమ్మిదవది స్థూలకాయము, నాలుగు, అయిదు మెట్లు సరియైన స్థితి. పెరిగే పిల్లను నాలుగవ మెట్టునకు దగ్గరగా ఉంచితే మంచిది. బొచ్చు దట్టముగా ఉన్న పొమరేనియన్ వంటి జాతులలో కన్ను మోసపోతుంది, చేతినే నమ్మవలెను. ముధోల్, రాజపాళయము వంటి వేటకుక్కలు స్వభావముచేతనే సన్ననివి. ఆరోగ్యముగా ఉన్న ముధోల్ కుక్క డొక్కలు కొద్దిగా కనబడినంత మాత్రమున దానిని మేపి లావు చేయబూనుట అవివేకము.

వారమునకొకసారి బరువు తూచి ఒక నోటుపుస్తకములో వ్రాసుకొనుట మంచి అలవాటు. చిన్న పిల్లను వంటింటి తూకపు యంత్రము మీదనే తూచవచ్చును. కొంచెము పెద్దదైన తరువాత దానిని ఎత్తుకొని తూకపు యంత్రముపై నిలువబడి, ఆ బరువులో నుండి మన బరువును తీసివేస్తే సరిపోతుంది. బరువు ఇంతే ఉండవలెనని ఒక అంకెను పట్టుకొని కూర్చుండరాదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు కూడ ఒకే బరువు ఉండవు. చూడవలసినది పెరుగుదల నడక. వారము వారము సాఫీగా పెరుగుతున్నదా? హఠాత్తుగా ఎగబ్రాకుచున్నదా? రెండు మూడు వారములుగా నిలిచిపోయినదా? ఈ ప్రశ్నలకు ఆ పుస్తకమే జవాబు చెప్పుతుంది. ఎగబ్రాకినా, నిలిచిపోయినా వైద్యునికి చూపవలెను.

ఇక ఎంత పెట్టవలెనన్న ప్రశ్న. ఇందులో చాలమంది చేసే పొరపాటు ఒకటున్నది. పిల్ల బరువు రెట్టింపైనది కాబట్టి తిండి కూడ రెట్టింపు చేయవలెనని అనుకొంటారు. పశువైద్యులు వాడే లెక్క ప్రకారము, మూడు నెలల వయస్సున 5 కిలోలు ఉన్న పిల్లకు రోజుకు సుమారు 700 కెలోరీల ఆహారము కావలెను. అదే పిల్ల ఆరు నెలల వయస్సున 10 కిలోలు అయినదనుకొనండి. అప్పుడు దానికి కావలసినది సుమారు 800 కెలోరీలు మాత్రమే. బరువు రెట్టింపైనను తిండి ఏడింట ఒక వంతే పెరిగినది. కారణమేమనగా, మొదటి నాలుగు నెలలలో పెరుగుదల మహావేగముగా ఉంటుంది. తరువాత ఆ వేగము తగ్గుతుంది. ఆకలి మాత్రము అంత త్వరగా తగ్గదు. అందువలననే నాలుగు, ఎనిమిది నెలల మధ్య పిల్లలు లావెక్కుతాయి. ఈ లెక్క కూడ ఒక ప్రారంభము మాత్రమే. చేయి చెప్పిన దానిని బట్టి పదవ వంతు పెంచుతూనో, తగ్గించుతూనో సరిచూచుకొనవలెను.

నాలుగు నెలల వరకు రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల వరకు మూడు పూటలు, తరువాత రెండు పూటలు పెట్టుట మంచి పద్ధతి. పెట్టే ప్రతి పూటను గిన్నెతో కొలిచి పెట్టవలెను. పావుగంట, ఇరువది నిమిషములు గడిచిన తరువాత మిగిలినది తీసివేయవలెను. రోజంతయు గిన్నె నిండుగా ఉంచుట వలన ఎంత తిన్నదో మనకు తెలియదు. వేసవిలో అయితే అన్నము పులిసి రోగము తెచ్చిపెట్టుతుంది.

మధ్య మధ్య పెట్టే చిరుతిండి రోజువారి కెలోరీలలో పదవ వంతు మించరాదని నియమము. పైన చెప్పిన 5 కిలోల పిల్లకు పదవ వంతు అనగా 70 కెలోరీలు. నూరు గ్రాముల తీపి బిస్కత్తులలో సుమారు 450 కెలోరీలు ఉంటాయి. అయిదు గ్రాముల బిస్కత్తు ఒకటికి ఇరువదికి పైమాట. ఇంటిలో నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఒక బిస్కత్తు పెట్టితే 90 కెలోరీలు. హద్దు దాటిపోయినది! ఒక్కరును తప్పు చేయలేదు. అందరు కలిసి చేసినారు. అందుచేత దినమునకు ఇంత అని చిరుతిండిని ఒక డబ్బాలో వేసి, ఎవరు పెట్టినా అందులో నుండియే పెట్టవలెనని కట్టుబాటు చేసుకొనవలెను. డబ్బా ఖాళీ అయితే ముద్దు చేయుటకు చేతులున్నవి గదా.

లాబ్రడార్ పిల్లల ఆకలి విషయములో 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక చిత్రమైన సంగతి కనిపెట్టినారు. ఆకలి తీరినదని మెదడునకు తెలియజేసే ఏర్పాటులో పాలుగొనే ఒక జన్యువు, సుమారు నాలుగింట ఒక వంతు లాబ్రడార్ కుక్కలలో కొంత భాగము కోల్పోయి ఉన్నదట. అట్టి కుక్కకు ఎంత తిన్నను తృప్తి కలుగుట కష్టము. దాని దీనమైన చూపు ఆకలికి గుర్తు కాదు. ఇది మాకు ముందే తెలిసియుంటే ఎన్ని ముద్దలు ఆగిపోయి ఉండేవో!

ఏమి పెట్టవలెనన్నది కూడ ఎంత పెట్టవలెనన్న దానితో ముడిపడినదే. మన యిండ్లలో కుక్కకు ప్రధానాహారము అన్నము. నూరు గ్రాముల అన్నములో సుమారు 130 కెలోరీలున్నను మాంసకృత్తులు మూడు గ్రాములకు లోపే. మన 5 కిలోల పిల్ల 700 కెలోరీలను అన్నముతోనే పొందవలెనంటే అర్ధకిలోకు పైగా తినవలెను. అంత తిన్నను కావలసిన మాంసకృత్తులలో సగము కూడ దొరకవు. ఫలితమేమి? పొట్ట నిండుతుంది, క్రొవ్వు పేరుకొంటుంది, కండ మాత్రము పెరుగదు. లావుగా ఉండియు పోషణ లేని పిల్ల తయారవుతుంది. అన్నము పెట్టవద్దని కాదు. దానితో ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసము, చేప వంటివి తగినంత చేర్చవలెను.

మాంసము మంచిది గదా అని కేవలము మాంసమే పెట్టుట మరొక ప్రమాదము. మాంసములో భాస్వరము అధికము, కాల్షియము అత్యల్పము. ఇట్టి తిండి వలన శరీరము తన ఎముకలలోని కాల్షియమునే కరిగించి రక్తములోనికి తీసుకొంటుంది. కాళ్లు వంగిపోతాయి, చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతాయి. అట్లని బజారులో దొరికే కాల్షియము మందులు తెచ్చి పోయుట ఇంకను తప్పు. ఆరు నెలల లోపు పిల్ల ప్రేగులకు అదనపు కాల్షియమును పూర్తిగా అడ్డుకొను శక్తి ఉండదు. వచ్చిన దానిలో చాల భాగము లోపలికి పోతుంది. 1985లో నెదర్లాండ్సులో గ్రేట్‌డేన్ పిల్లలపై జరిగిన ప్రయోగములలో అధిక కాల్షియము ఎముకల పెరుగుదలను చెడగొట్టినట్లు రుజువైనది. పెరిగే పిల్లల కొరకు సిద్ధము చేసిన సమతులాహారమును కొని పెట్టేవారు దానికి కాల్షియమును అసలే చేర్చరాదు. ఇంటి వంట పెట్టేవారు ఎంత చేర్చవలెనో వైద్యుని అడిగి తెలుసుకొనవలెను.

పాల విషయము కూడ చెప్పవలెను. తల్లికుక్క పాలలో క్రొవ్వు, మాంసకృత్తులు ఆవుపాల కంటె ఇంచుమించు రెట్టింపు, పాలచక్కెర తక్కువ. పాలు మరచిన పిల్లకు ఆ చక్కెరను జీర్ణించుకొనే శక్తి క్రమముగా తగ్గుతుంది. గిన్నెడు పాలు పోస్తే కొన్ని పిల్లలకు విరేచనములు పట్టుకొంటాయి. కొద్దిగా పెరుగు అంతకంటె మేలు. చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కుక్కలకు విషప్రాయములు. ఉడికిన ఎముకలు పెళుసై ప్రేగులను చీల్చగలవు.

పొట్ట ఒక్కటే ఉబ్బి, డొక్కలు, వెన్ను తేలి ఉన్న పిల్లను చూచి లావుగా ఉన్నదని భ్రమపడేవారున్నారు. అది లావు కాదు. ఏలికపాముల గుర్తు కావచ్చును. ఇవి పుట్టుకకు ముందే తల్లి నుండి పిల్లకు సంక్రమిస్తాయి. కొంకిపురుగులు పాల ద్వారా వస్తాయి. అందుచేతనే రెండు వారాల వయస్సు నుండియే పురుగుల మందు మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ ఇవ్వవలెను. ఈ పురుగుల గ్రుడ్లు మట్టి ద్వారా ఇంటిలోని పసివారికి కూడ సోకగలవు గనుక ఇందులో అశ్రద్ధ తగదు. తిన్నను చిక్కిపోతున్న పిల్లకు తిండి పెంచుటకు ముందు పురుగులను గూర్చి విచారించవలెను.

పిల్ల బరువు మించినదని తేలితే ఏమి చేయవలెను? పస్తు పెట్టరాదు. చిన్నజాతి పసిపిల్లలు ఒకటి రెండు పూటలు తినకపోయినను రక్తములో చక్కెర తగ్గి సొమ్మసిల్లగలవు. పెరిగే పిల్లకు బరువు తగ్గించవలసిన అవసరము కూడ సాధారణముగా ఉండదు. పెరిగే వేగమును తగ్గిస్తే చాలును. చిరుతిండి మానిపించి, ఆహారమును పదవ వంతు తగ్గించి, రెండు వారములు చూడవలెను. బరువు నిలకడగా ఉండగా ఎత్తు పెరుగుతుంది. నడుము దానంతట అదే తేలుతుంది. లావు తగ్గించవలెనని బలవంతముగా పరుగెత్తించుట మంచిది కాదు. నార్వేలో జరిపి 2012లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మూడు నెలలు నిండక ముందే ప్రతి దినము మెట్లు ఎక్కి దిగిన పెద్దజాతి పిల్లలకు తుంటి కీలు వికారము ఎక్కువగా వచ్చినట్లు, మెత్తని నేలపై స్వేచ్ఛగా ఆడుకొన్న వాటికి తక్కువగా వచ్చినట్లు తేలినది. మన వేసవిలో ఈ ఆటలు తెల్లవారుజామున, ప్రొద్దు గుంకిన తరువాత జరుగవలెను. పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించిన తరువాత కుక్కకు కావలసిన ఆహారము 20 నుండి 30 శాతము వరకు తగ్గుతుందని, ఆకలి మాత్రము పెరుగవచ్చునని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

మా లాబ్రడార్ సంగతి చెప్పి ముగిస్తాము. వైద్యుని మాట ప్రకారము గిన్నె కొలతకు వచ్చినది. భోజనాల వేళ దానిని పెరటిలో కట్టుట మొదలుపెట్టినాము. మొదటి వారము అది మూలిగినది. మాకును ముద్ద దిగలేదు. నాలుగు నెలలలో నడుము తేలినది, కుంటు చాలవరకు తగ్గినది. పూర్తిగా పోలేదు. చలికాలపు ఉదయములలో అది లేచి నిలుచుండుటకు రెండు మార్లు ప్రయత్నిస్తుంది. ఆ రెండవ ప్రయత్నమును చూచినప్పుడెల్లను మా వడ్డన మాకు గుర్తుకు వస్తుంది. నోరు లేని ప్రాణి ‘చాలు’ అని చెప్పలేదు. దాని తరపున ఆ మాటను మనమే చెప్పవలెను. ఈ సాయంత్రము మీ యింటి కుక్కపిల్ల తోక ఆడిస్తూ ఎదురు వచ్చినప్పుడు, బిస్కత్తు డబ్బా వైపు చేయి చాచుటకు ముందు ఆ చేతిని ఒకసారి దాని డొక్కల మీద ఉంచి చూడండి. ఎంత పెట్టవలెనో అవే చెప్పుతాయి.